పాట ఎవరి సొత్తు?

1902వ సంవత్సరము నవంబరు నెలలో కలకత్తా నగరమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను గ్రామఫోను కంపెనీ నిపుణుడు కొమ్ము వంటి పెద్ద గొట్టము నొకదానిని అమర్చి, దాని యెదుట గౌహర్ జాన్ అను గాయనిచేత పాడించెను. గంటల తరబడి సాగవలసిన గానమును ఆమె మూడు నిమిషములకు కుదించి పాడి, పాట ముగియగనే ఆంగ్లమున తన పేరు తానే గట్టిగా పలికెను. మైనపు పలకపై గీతలుగా నిలిచిన ఆ గానము ఓడ నెక్కి జర్మనీ దేశమునందలి హానోవరు నగరమునకు పోయి, అచట లక్కతో చేసిన పలకలుగా అచ్చయి తిరిగి రావలసి యుండెను. ఏ పలక ఎవరిదో అచటి పనివారు గుర్తించి చీటి అంటించుటకై గాయకులు తమ పేరు చెప్పు ఆచారము ఏర్పడెనని అందురు. ఆ దినములలో ఆమెకు లభించిన పారితోషికము తక్కువది కాదు. కాని అది ఒక్కమారు చెల్లించి చేతులు దులుపుకొనిన సొమ్ము. 1928లో మైసూరు ఆస్థానమున కొలువు దొరకగా అచటికి చేరి, 1930 జనవరిలో ఆమె ఆ నగరముననే కన్నుమూసెను. అప్పటికి పూర్వ వైభవము చాలవరకు తరిగిపోయి యుండెను. ఆమె పలకలు మాత్రము ఊరూర మ్రోగుచునే యుండెను.

పాటలో పేరు చేర్చుట మన వాగ్గేయకారులకు క్రొత్త కాదు. క్షేత్రయ్య పదములలో మువ్వగోపాలుడును, త్యాగరాజ కృతులలో ఆయన నామమును ముద్రలై నిలిచినవి. ముద్ర వలన కర్త యెవరో తెలియును. రాబడి మాత్రము రాదు. చట్టము లేని ఆ కాలమున విద్వాంసులు తమ విద్యను కాపాడుకొనుటకు ఎరిగిన ఉపాయ మొక్కటే: దాచుకొనుట. కృతులు గురుపరంపరలకును వంశములకును సొత్తుగా నుండెను. శుశ్రూష చేసిన శిష్యునికి తప్ప పరులకు చెప్పెడివారు కారు. ముత్తుస్వామి దీక్షితుల వంశమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు తమ యింటి కృతులను స్వరములతో లోకమున కిచ్చుటకు మొదట సంశయించిరి. ఆయనను ఒప్పించుటకు పాటుపడినవారిలో ముఖ్యుడు చిన్నస్వామి ముదలియారు. ఎట్టయపురము ప్రభువుల ప్రోత్సాహముతో 1904లో “సంగీత సంప్రదాయ ప్రదర్శిని” తెలుగు లిపిలో వెలువడెను. ఈ ముదలియారు మద్రాసు సచివాలయమున సూపరింటెండెంటు. ఫైళ్ల నడుమ కాలము గడుపు ఉద్యోగి యొకడు ఇంతటి కార్యమునకు కారకు డగుట ఈ సంచిక చదువరులకు ప్రత్యేక సంతోషము కలిగింపవచ్చును.

దాచుకొనుట వలన ఎన్నియో కృతులు నశించినవి గనుక ఆ పద్ధతిని పొగడ నక్కరలేదు. అయినను ఆ రోజులలో పాట కావలెనన్నచో పాడువాని యెదుటకు పోక తప్పదు. గ్రామఫోను పలక వచ్చిన పిదప పాట పాడినవాని నుండి విడిపోయెను. ఇట్లు విడిపోయిన పాటకు యజమాని యెవరు?

1911లో బ్రిటిషు పార్లమెంటు చేసిన కాపీరైటు చట్టము దీనికి సమాధానము చెప్పెను. 1914లో అదియే కొద్ది మార్పులతో భారతదేశమున అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము గ్రామఫోను పలకకు కర్త పాడినవాడు కాదు, వాయించినవాడును కాదు. అచ్చునకు ఆధారమైన మూలఫలకము ఎవరి సొత్తో వారే కర్త. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన పార్లమెంటు 1957లో స్వంతముగా చట్టము చేసి 1958 జనవరి 21 నుండి అమలుపరచినప్పుడును ఈ నిర్వచనము మారలేదు. సంగీతకృతి యనగా అచ్చులోనికో వ్రాతలోనికో ఎక్కిన స్వరరచన అని ఆ చట్టము చెప్పెను. నోటితో నేర్పి చెవితో నేర్చుకొను దేశమున కిది ఎంతవరకు అతుకునో విజ్ఞులు ఊహించుకొన గలరు. ఇక గాయకునికి ఆ చట్టమున హక్కనునదే లేదు.

సినిమా వలన చిక్కు ఇంకను ముదిరెను. నిర్మాత సొమ్మిచ్చి కవిచేత పాట వ్రాయించును, సంగీత దర్శకునిచేత వరుస కట్టించును, గాయకులచేత పాడించును. ఆ పాటను గ్రామఫోను కంపెనీకి ఇచ్చి అమ్మకముపై రాయల్టీ పుచ్చుకొనును. 1960 దాటిన తొలి సంవత్సరములలో లతా మంగేష్కర్ గాయకులకును ఆ రాయల్టీలో భాగ ముండవలెనని పట్టుబట్టెను. ఒకసారి పారితోషికము అందుకొనిన తరువాత మరల అడుగుట తగదని మహమ్మద్ రఫీ తలచెను. ఈ భేదము వలన వారిరువురును కొన్ని ఏండ్లు కలిసి పాడలేదు. రఫీ మాట పెద్దమనిషి మాట యనుటకు సందేహము లేదు. కాని తనకు చట్టము ఎన్నడును ఇయ్యని ఆస్తిని వదలుకొనుట దానమెట్లగును? ఆ వివాదమున న్యాయము లత పక్షముననే యున్నదనక తప్పదు.

1969లో కవులు, స్వరకర్తల పక్షమున ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అను సంఘము ఏర్పడెను. చిత్రములు ప్రదర్శించిన చోటులనుండి పాటలకై రుసుము వసూలు చేయుటకు ఆ సంఘము పూనుకొనగా సినిమా నిర్మాతల సంఘములు అడ్డుతగిలెను. వ్యవహారము కాపీరైటు బోర్డు నుండి కలకత్తా హైకోర్టుకును, అచటినుండి సుప్రీంకోర్టుకును పోయెను. 1977 మార్చిలో తీర్పు వెలువడెను. నిర్మాత ప్రతిఫల మిచ్చి తన చిత్రమునకై పాట చేయించుకొనినచో, ఒప్పందమున వేరుగా వ్రాసికొనిననే తప్ప, ఆ పాటపై తొలి హక్కుదారు నిర్మాతయే యని న్యాయస్థానము తేల్చెను. ఒప్పందమున వేరుగా వ్రాయించుకొన గల కవి ఎవడు? అవకాశమునకై స్టూడియో వాకిట నిలుచు యువకుడు షరతులు పెట్టుటకు సాహసించునా? చట్టదృష్టిలో ఒప్పందము చేసికొను పక్షము లిరువురును సమానులే. స్టూడియో వాకిట ఆ సమానత్వము కనబడదు.

ఆ తీర్పునకు జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు వేరుగా కొన్ని మాటలు చేర్చెను. నిర్మాతకు అనుకూలమైన తీర్పుతో ఏకీభవించుచునే, ఎవరును అడుగని గాయకుని సంగతిని ఆయన ఎత్తెను. భారతీయ సంగీతమున పాడువాని మనోధర్మమే ప్రాణమనియు, అట్టివానిని చట్టము విస్మరించుట లోపమనియు, దానిని దిద్దవలసినది పార్లమెంటనియు ఆయన అభిప్రాయము. పార్లమెంటు దిద్దుటకు పదునేడేండ్లు పట్టెను.

ఆ పదునేడేండ్లలో దేశమంతట క్యాసెట్టు వ్యాపించెను. ఫిలిప్సు కంపెనీ 1963లోనే దానిని కనుగొనినను, మన సామాన్యుల యిండ్లకు చేరినది పదునైదేండ్ల తరువాతనే. గల్ఫు దేశములకు కూలికి పోయినవారు తిరిగి వచ్చునప్పుడు టేపు, రేడియో కలసిన టూ-ఇన్-వన్ పెట్టెను తెచ్చిరి. కడప, కరీంనగరు ప్రాంతపు పల్లెలలో ఎందరి యిండ్లలోనో మొదటి సంగీతయంత్ర మదియే. ఆ పెట్టెకు కావలసిన పాటలను అమ్మువారు మాత్రము తగినంత మంది లేరు. హెచ్.ఎం.వి. పలకల ఆధిపత్యము సాగుచుండెను. పలక వెల ఎక్కువ, దానిని మ్రోగించు యంత్రము వెల ఇంకను ఎక్కువ. ఈ కొరతలో బజారు వీధులందు పాటలెక్కించు దుకాణములు పుట్టుకొని వచ్చెను. కోరిన పాటల జాబితా ఒక కాగితముపై వ్రాసి, అరువది నిమిషముల ఖాళీ క్యాసెట్టుతో ఇచ్చినచో రెండు దినములలో పాటలెక్కించి యిచ్చెడివారు. చివర రెండు నిమిషములు మిగిలినచో దుకాణదారు తనకు నచ్చిన పాట నొకదానిని చేర్చి పుణ్యము కట్టుకొనుటయు కలదు. ఇచ్చువానికి గాని పుచ్చుకొనువానికి గాని అది దొంగతన మనిపించలేదు.

దుకాణపు ముచ్చట యట్లుండగా, పెద్ద యెత్తున దొంగ క్యాసెట్లు అచ్చువేయు వ్యాపారమును సాగెను. ఢిల్లీ పాలికా బజారు, మద్రాసు బర్మా బజారు ఇందుకు పేరుపొందినవి. నిర్మాతకు లేదు, కంపెనీకి లేదు, కవికి లేదు, అంతయు అచ్చువేసినవానికే. ఈ నడుమ ఢిల్లీ దరియాగంజిలో పండ్లరసము దుకాణము నడపిన కుటుంబమునకు చెందిన గుల్షన్ కుమార్ 1983లో సూపర్ క్యాసెట్సు సంస్థను స్థాపించి చౌక వెలకు క్యాసెట్లు అమ్మెను. పాత పాటలను క్రొత్త గొంతులతో మరల పాడించుటయు అతని వ్యాపారమున ఒక భాగము. పెద్ద కంపెనీలు ఎంత ఆక్షేపించినను, మొదటి పలక వచ్చిన పిదప నోటీసు ఇచ్చి రాయల్టీ చెల్లించి అట్లు చేయుటకు 1957 చట్టమే ద్వారము తెరచియుంచెను.

1984లో చట్టమును సవరించి శిక్షలను కఠినము చేసిరి. ఆరు మాసములకు తగ్గని, మూడేండ్లకు మించని కారాగారవాసము. ఏబదివేల రూపాయలకు తగ్గని జుర్మానా. క్యాసెట్టుపై హక్కుదారు పేరు, చిరునామా అచ్చువేయవలెనని నియమించిరి. పోలీసు దాడులు జరిగినవి, పెట్టెల కొలది సరకు పట్టుబడినది. ఇందొక విడ్డూరము కలదు. ఆ సరకులో వినవచ్చు గొంతు ఎవరిదో వారి పేరు హక్కుదారుగా ఏ పంచనామాలోను ఎక్కుటకు వీలులేదు. ఏలనన 1984లోను గాయకునికి చట్టరీత్యా హక్కు లేదు. సొత్తు నిర్మాతదో కంపెనీదో. కవికిని స్వరకర్తకును 1977 తీర్పు అడ్డు. దొంగ పట్టుబడినను పట్టుబడకున్నను వీరి స్థితిలో మార్పులేదు. పైరసీ వలన కళాకారులు ఆకలితో మాడుచున్నారని సభలలో వాపోయిన వ్యాపారులు ఈ సంగతిని ప్రస్తావించుట అరుదు.

క్యాసెట్టును కేవలము దొంగల పనిముట్టుగా చూచుటయు సరికాదు. బుర్రకథలు, హరికథలు, పల్లెపాటలు పెద్ద కంపెనీల పట్టికలకు వెలుపల నిలిచి క్యాసెట్టు వలననే ప్రచారము పొందినవి. గద్దరు పాటలు చేతినుండి చేతికి, క్యాసెట్టునుండి క్యాసెట్టుకు ఎక్కుచు తెలంగాణము నలుమూలలకు పోయినవి. తన పాటను నలుగురు ఎక్కించుకొని పాడుకొనవలెననియే ఆయన ఆశించినది. ప్రతి తీయుట ఒక్కటే. కర్త అనుమతి కలచోట అది ప్రచారము, లేనిచోట అపహరణము.

1994 సవరణ 1995 మేలో అమలులోనికి వచ్చి, ప్రదర్శకుని హక్కు అను మాటను మొదటిసారి చట్టమున చేర్చెను. సంగీతకృతి వ్రాతలోనే యుండవలెనన్న నియమమును తొలగించెను. 2012 మే నెలలో పార్లమెంటు ఆమోదించిన సవరణ 1977 తీర్పు వలన కలిగిన నష్టమును చాలవరకు సరిదిద్దెను. స్వయముగా పాటల రచయితయైన జావేద్ అఖ్తర్ అప్పుడు రాజ్యసభలో నామినేటెడు సభ్యుడు. ఆ సవరణకై ఆయన గట్టిగా వాదించెను. చిత్రమును థియేటరులో చూపుట మినహా ఇతర వినియోగములన్నిటిపైనను వచ్చు రాయల్టీలో సమభాగము కవికిని స్వరకర్తకును చెందును. ఆ భాగమును తమ వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప మరెవరికిని వారు వ్రాసి యిచ్చుటకు వీలులేదు. ఈ చివరి నియమమే అసలు కీలకము. బలహీనుడు తన హక్కును తానే వదలుకొనునట్లు చేయు ఒప్పందములు వ్యాపారమున సహజము గనుక, వదలుకొనుటకే వీలులేకుండ చట్టము కట్టుదిట్టము చేసెను. పేదరైతు భూమిని కాపాడు చట్టములు ఎరిగినవారికి ఈ యుక్తి పరిచితమే.

అప్పటికి పైరసీ బజారును విడిచి కంప్యూటరులోనికి ప్రవేశించెను. ముద్దాయి ఎవరో తెలియని వ్యాజ్యములలో మన న్యాయస్థానములు “అశోక్ కుమార్” అను కల్పిత నామమును వాడును; ఆ పేరుగల నిజమైన పెద్దమనుషు లెందరో యుందురు, పాపము! 2012లో “3” అను తమిళ చిత్రము విషయమున మద్రాసు హైకోర్టు ఇట్టి ఉత్తర్వు ఇయ్యగా, ఇంటర్నెట్టు కంపెనీలు భయపడి వెబ్‌సైట్లను మొత్తముగా మూసివైచినవి. కోర్టు జూనులో ఆ ఉత్తర్వును నిర్దిష్టమైన చిరునామాలకే పరిమితము చేయవలసి వచ్చెను. ఆ చిత్రమునకు దేశమంతట పేరు తెచ్చిన “కొలవెరి” పాట, అధికారికముగా విడుదల కాకమునుపే బయటికి పొక్కినదే యనుట మరొక చమత్కారము.

నేడు నెలనెల చందా కట్టి న్యాయముగా పాటలు వినువారు పెరిగిరి. ఇది మంచిదే. కాని ఆ చందా నేరుగా తాము విన్న గాయకునికే పోవునని తలచుట పొరపాటు. ఇట్టి సేవలలో చాలవరకు అందరి చందాలను ఒక రాశిగా పోసి, మొత్తము మీద ఎవరి పాట ఎన్నిసార్లు మ్రోగెనో ఆ లెక్కన పంచును. ఒక చిన్న గాయకుని పాటలే వినువాని సొమ్ములో అధికభాగము ఆ నెల మారుమ్రోగిన సినిమా పాటలకు పోవును. స్వతంత్రముగా పాడుకొను కళాకారునికి టిక్కెట్టు కొని కచేరీకి పోయినవాడును, క్యాసెట్టో డిస్కో అతని చేతినుండియే కొనినవాడును ఎక్కువ ఉపకారము చేసినవాడు.

చట్టము చేరలేని చోటులింకను కలవు. కర్త తెలియని పల్లెపాటకు హక్కుదారు లేడు. 2021లో “సారంగదరియా” పాట సినిమాలో ప్రసిద్ధి పొందినప్పుడు, ఆ జానపద గీతమును పల్లెనుండి తెచ్చి పాడి ముందుగా వెలుగులోనికి తెచ్చినవారికి గుర్తింపు ఏదని వివాదము రేగెను. పాటను సేకరించి నిలిపినవారి శ్రమకు మన చట్టమున పేరు లేదు.

అన్నమాచార్య సంకీర్తనముల సంగతియు ఇట్టిదే. రాగిరేకులపై సాహిత్యమును రాగము పేరును మాత్రమే కలవు, స్వరము లేదు. నేడు మనము వినుచున్న వరుసలలో చాలవరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలగువారు ఇరువదవ శతాబ్దిలో కట్టినవి. కచేరీల కార్యక్రమ పత్రములలో రాగము, తాళము, అన్నమాచార్య అని అచ్చగుచున్నవి. నాలుగవ పేరునకు ఆ వరుసలో చోటు కలదు, అచ్చుకూలి పెరుగదు.