రాజుగారి గుర్రం – రూత్ లెక్క

ఇంటిపనికి లెక్కాడొక్కా ఉండదని మనందరికీ తెలిసిన సంగతే. పొద్దుట కాఫీ మొదలు రాత్రి పాలు తోడుపెట్టేదాకా ఎన్ని గిన్నెలు ఎక్కించాం, ఎన్ని దించాం, ఎన్ని అట్లు తిరగేశాం అని ఏ పుణ్యాత్ముడూ ఓ కాగితమ్ముక్క మీద రాసిపెట్టిన పాపాన పోలేదు. ఇక చరిత్ర పుస్తకాల మాట సరేసరి. రాజుల పేర్లుంటాయి, యుద్ధాల తేదీలుంటాయి. ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళకి రొట్టె మూట ఎవరు కట్టిచ్చారో మాత్రం ఉండదు.

అలాంటిది, రెండున్నర శతాబ్దాల కిందట అమెరికాలో ఓ ఇంటి ఆడవాళ్ళూ, ఇరుగుపొరుగు వాళ్ళూ, పిల్లలూ కూర్చుని చేసిన పనికి పేరుపేరునా లెక్క రాసిన కాగితం ఒకటుంది. అది చదివినప్పుడు నాకు ముందు ముచ్చటేసింది. తరవాత, వాళ్ళు చేసిన వస్తువేమిటో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. అప్పడాలూ వడియాలూ అయితే బాగానే ఉండును. అవి తుపాకీ తూటాలు.

కథ న్యూయార్కులో మొదలవుతుంది. 1770లో అక్కడ బౌలింగ్ గ్రీన్ అనే చోట ఇంగ్లండు ప్రభువు మూడో జార్జి విగ్రహం నిలబెట్టారు. గుర్రమెక్కిన విగ్రహం. సీసంతో పోతపోసి పైన బంగారు పూత పూశారు. ఆరేళ్ళు తిరిగేసరికి గాలి మారింది. 1776 జూలై 9న స్వాతంత్ర్య ప్రకటనని వాషింగ్టన్ సైన్యానికి చదివి వినిపించారు. ఆ సాయంత్రమే జనం పోగై, తాళ్ళు కట్టి లాగి, రాజుగారిని గుర్రంతో సహా కింద పడేశారు.

పడ్డ రాజుగారి కోసం ఏడ్చినవాళ్ళ సంగతేమో గాని, ఆయన సీసం మీద కన్నేసినవాళ్ళు మాత్రం ఉన్నారు. అప్పటి తుపాకీ గుండ్లకి కావలసింది సీసమే మరి. ఆ ముక్కల్లో చాలాభాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ అనే ఊరు చేరింది. ఆ ఊళ్ళో ఆలివర్ వోల్కాట్ గారని ఓ పెద్దమనిషి, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో ఒకరు. ఇంటి పక్క ఆపిలు తోటలో పాక వేయించి, కట్టెలు కొట్టే గొడ్డలితో ఆయనే విగ్రహాన్ని ముక్కలు చేశారుట. ఈ సంగతి ఆయన కొడుకు ఫ్రెడరిక్ పెద్దవాడయ్యాక జ్ఞాపకం చేసుకుని చెప్పాడు. అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. ఆడపిల్లలు గుండ్లు పోస్తూ మహా సరదాగా గడిపారని కూడా చెప్పాడు.

ఇంతకీ గుండ్లు పోయడం ఎలాగంటారా? సత్తుగిన్నెలో చారు కాచే ఇల్లాలికి వేరే చెప్పక్కర్లేదు. గిన్నెలో ఏమీ పోయకుండా పొయ్యి మీద పెట్టి ఏమరిస్తే, గిన్నె కాస్తా కరిగి ముద్దయి కూర్చుంటుంది. సీసానిదీ అదే గుణం. 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరిగిపోతుంది. కట్టెలపొయ్యి చాలు. పైన తేలిన తెట్టు తీసేసి, ఇనపగరిటెతో ముంచి, పట్టకారులాంటి అచ్చులో చిన్న కంతలోంచి పోస్తారు. ఇట్టే గడ్డకడుతుంది. అచ్చు విప్పితే గుండు జారిపడుతుంది. కంత దగ్గర మిగిలిన తోక కత్తిరించి మళ్ళీ మూకుట్లో వేస్తారు. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. పొంగణాల పెనం కాలకముందే పిండి పోస్తే మొదటి వాయి పాడవుతుందే, అలాగన్నమాట. ఒక్క చుక్క తడి పడిందా, కాగే నూనెకన్నా ఘోరంగా మొహాన చిందుతుంది.

గుండుతో పని తీరలేదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఓ చివర గుండు పెట్టి కట్టి, మందు కొలిచి పోసి, రెండో చివర మడతపెడితే అప్పుడు తూటా. డజనుకో కట్ట. సిపాయి దాన్ని పళ్ళతో చింపి తుపాకీలో పోసుకుంటాడు.

కాగితంలో ఉన్నది ఈ తూటాల లెక్కే. మిసెస్ మార్విన్ 6,058. రూత్ మార్విన్ 11,592. వోల్కాట్ గారి కూతురు లారా 8,378. ఆ పిల్ల చెల్లెలు మేరీ ఆన్, పదకొండేళ్ళది, 10,790. మిసెస్ బీచ్ 1,802. మన ఫ్రెడరిక్ 936. వాళ్ళూ వీళ్ళూ కలిసి 2,182. ఊరి దళానికిచ్చినవి 50, ఓ రెజిమెంటుకిచ్చినవి 300. వెరసి 42,088. పాలపద్దు కూడే అలవాటు కొద్దీ నేనూ కూడి చూశాను. ఒక్కటి తేడా రాలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. పేర్లున్న అయిదుగురు ఆడవాళ్ళ వాటా 38,620. అంటే నూటికి తొంభైకి పైనే!

రూత్ మార్విన్ ఎలా ఉండేదో, పాట పాడేదో లేదో, ఆ కాగితం చెప్పదు. 11,592 అన్న అంకె ఒక్కటే చెబుతుంది. ఆ ఏడు ఆవిడ ఎన్ని రొట్టెలు కాల్చిందో, ఎన్ని మేజోళ్ళు అల్లిందో కూడా అందులో లేదు. రొట్టె తిన్నవాడి ఆకలి తీరింది గాని, రొట్టె పద్దుకెక్కలేదు. తూటా పద్దుకెక్కింది.

ఆ తరవాత కూడా కనెక్టికట్‌ని ఈ విద్య వదల్లేదు. 1836లో రివాల్వరుకి పేటెంటు పొందిన శామ్యూల్ కోల్ట్, తరవాత అక్కడే హార్ట్‌ఫర్డ్‌లో పెద్ద కార్ఖానా పెట్టాడు. పెట్టెలో అమర్చి అమ్మే ఆయన రివాల్వరు పక్కన మందు పోసుకునే బుర్రా, గుండ్లు పోసుకునే అచ్చూ ఉండేవి. కుట్టుమిషనుతో పాటు సూదులూ బాబిన్లూ ఇచ్చినట్టు.

1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఇంటి అచ్చులు ఏ మూలకి? ప్రభుత్వ ఆయుధాగారాల్లో తూటాలు చుట్టడానికి ఆడపిల్లల్ని పెట్టారు. 1862 సెప్టెంబరు 17న పిట్స్‌బర్గ్ దగ్గర అలెఘెనీ ఆయుధాగారం పేలి 78 మంది పోయారు. ఎక్కువమంది ఆడపిల్లలే. 1864 జూన్ 17న వాషింగ్టన్‌లో, ఎండలో ఆరబెట్టిన బాణసంచా అంటుకుని నిప్పురవ్వ కిటికీలోంచి తూటాల గదిలోకి వచ్చింది. 21 మంది పోయారు. అంత్యక్రియలకి లింకన్ స్వయంగా వచ్చాడు. లిచ్‌ఫీల్డ్‌లో తూటాల్ని లెక్కపెట్టారు. ఇక్కడ పిల్లల్నే లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

యుద్ధమయ్యాక ఈ పని మళ్ళీ ఇంటి బల్ల మీదికి చేరింది. చేతి కింద మీట లాగితే తూటా మారే తుపాకులు అప్పటికే ఉన్నాయి గాని, వాటి తూటా డొల్లని ఒకసారి పేల్చాక పారెయ్యడమే. 1873లో న్యూ హేవెన్‌లోని విన్‌చెస్టర్ కంపెనీ తెచ్చిన కొత్త మీట తుపాకీకి, ఇత్తడి డొల్ల అడుగున నడిమధ్య నిప్పుమందు బిళ్ళ ఉండేది. పేలిన బిళ్ళని పొడిచి తీసి కొత్తది కూర్చితే డొల్ల మళ్ళీ పనికొస్తుంది. హార్లిక్స్ సీసాలో పప్పులు పోసుకునే మనకి ఇదేం తెలియని విద్య కాదు.

అందులో 40 గ్రెయిన్ల నల్లమందు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. దాని మీద 200 గ్రెయిన్ల, అంటే 13 గ్రాముల సీసపు గుండు. గుండు గాడుల్లో మైనమూ కొవ్వూ పూయాలి. ఈ కార్బైన్లలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, చివర స్ప్రింగు నెడుతూ ఉంటుంది. అందుకని గుండు ముక్కు బల్లపరుపుగా ఉండాలి. కోసుగా ఉంటే ముందు తూటా బిళ్ళని పొడిచి గొట్టంలోనే పేలిపోవచ్చు. డొల్ల మూతిని గుండు చుట్టూ కజ్జికాయ అంచులా నొక్కి బిగించాలి, లేకపోతే ఆ నెట్టుడికి గుండు లోపలికి దిగిపోతుంది. కొద్ది ఏళ్ళకే కోల్ట్ కంపెనీ కూడా ఇదే తూటా పట్టే రివాల్వరు తెచ్చింది. రెంటికీ ఒకటే సరుకు! 1884లో న్యూ హేవెన్‌లోనే జాన్ బార్లో అనే ఆయన అయిడియల్ అనే కంపెనీ పెట్టి, గుండు పోయడం, బిళ్ళ మార్చడం, మూతి నొక్కడం అన్నీ ఒకే పట్టకారులో ఇమిడ్చి అమ్మాడు. పని పొందిక చూస్తే మెచ్చుకోక తప్పదు.

కానీ సీసం విషం. పిల్లల ఒంట్లో అది ఇంతవరకూ ఉన్నా ఫరవాలేదని చెప్పదగిన హద్దు లేదని ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇప్పటికీ సరదాకి గుండ్లు పోసుకునేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. తెలిసినవాళ్ళు గాలాడే చోట పోస్తారు, ఆ పాత్రలు వంటకి వాడరు, చేతులు కడుక్కోందే అన్నం ముట్టరు. ఎనిమిదేళ్ళ ఫ్రెడరిక్‌కి, పదకొండేళ్ళ మేరీ ఆన్‌కి ఆ మాట చెప్పేవాళ్ళెవరు?

కూలిన విగ్రహంలో గుర్రం తోక ముక్క ఒకటి దొరికి, న్యూయార్కులో చారిత్రక సంఘం వారి మ్యూజియంలో భద్రంగా ఉంది. తోకకి కూడా చోటు దొరికింది. ఆ 42,088 తూటాలు ఎక్కడెక్కడ పడ్డాయో, ఏ ఊరి తల్లి కన్న ఏ కొడుక్కి తగిలాయో, ఆ కాగితం ఎక్కడుంది? పద్దు అన్నాక రెండు వైపులా రాయాలి కదండీ, జమా ఖర్చూ. వోల్కాట్ గారు జమ వైపే రాశారు.