ఐఐఎం అహ్మదాబాద్ వసతి గృహాల పునరుద్ధరణ

అహ్మదాబాద్ ఐఐఎంలో అమెరికన్ వాస్తుశిల్పి లూయీ కాన్ రూపొందించిన 18 ఇటుక వసతి గృహాలను బాగుచేసే ప్రణాళిక. ఇటుకల మధ్య ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బడంతో గోడలు బీటలు వారాయి. 2001 భుజ్ భూకంపం నష్టాన్ని పెంచింది. మొదట డి-15 అనే ఒక్క గృహాన్ని నమూనాగా పునరుద్ధరించారు. పాత కట్టడాలకు ఇదే మేలైన పద్ధతి, గోడ విప్పితే గాని లోపలి సంగతి తెలియదు. 2020 డిసెంబరులో మాత్రం 14 గృహాలను కూల్చి కొత్తవి కట్టాలని సంస్థ ప్రతిపాదించింది. దేశవిదేశాల వాస్తుశిల్పులు నిరసించడంతో 2021 జనవరి 1న వెనక్కి తగ్గింది. అదే ఆవరణలోని విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయ పునరుద్ధరణకు 2019లోనే యునెస్కో పురస్కారం దక్కింది. అయినా 2022 నవంబరులో, భద్రత కారణం చూపి, సంస్థ మళ్లీ పునర్నిర్మాణానికే మొగ్గింది.