గురువా? లఘువా? - ఒక పాత ప్రశ్న చరిత్ర



పద్యం రాయాలన్న కోరిక పుట్టిన ప్రతివారూ మొదటి నెలలో అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అరసున్న ఉన్న అక్షరం గురువా, లఘువా? పక్క పదం మొదట సంయుక్తాక్షరం ఉంటే ముందు పదం చివరి అక్షరం గురువవుతుందా? ఋకారానికి యతి దేనితో చెల్లుతుంది? అఖండయతి వాడవచ్చునా, కూడదా? ముప్పయ్యొక్క సంవత్సరాలు తెలుగు పండితుడిగా పనిచేసి విరమించాను. ఇప్పటికీ ఆదివారాల్లో పద్యాభిరుచి గల వారు నలుగురైదుగురు మా ఇంటి అరుగు మీద చేరుతారు. వారిలో ఉద్యోగులున్నారు, వైద్యులున్నారు, ఒక బట్టల వర్తకుడున్నాడు. కొత్తగా ఎవరు వచ్చినా ఈ ప్రశ్నలతోనే వస్తారు. పాతవారు అది విని ముఖాలు చిట్లించుకుంటారు. "ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది మాస్టారూ, ముందు పుస్తకం చదువుకొని రమ్మనండి" అని మొన్న ఒకాయన విసుక్కున్నారు. ఆ వచ్చిన అబ్బాయి తల వంచుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర మనవి చేస్తాను. ముందు ఈ విసుగు ఎంత పాతదో, దానికి మన పెద్దలు ఏమేమి ఉపాయాలు కనిపెట్టారో చూద్దాం.

ప్రశ్నోపనిషత్తు పేరులోనే ప్రశ్న ఉన్నది. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టుకొని పిప్పలాద మహర్షి వద్దకు వెళ్తారు. ఆయన వెంటనే బోధ మొదలుపెట్టడు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక సంవత్సరం ఇక్కడ ఉండండి, తరువాత మీ ఇష్టమైన ప్రశ్నలు అడగండి, మాకు తెలిసి ఉంటే అన్నీ చెబుతాము అంటాడు. "ముందు చదువుకొని రమ్మనండి" అన్న మా మిత్రుని మాటకు ఇది చాలా పెద్ద ప్రమాణం. కాని రెండింటికీ భేదం ఉన్నది. పిప్పలాదుడు వారిని వెళ్ళి రమ్మనలేదు, తన దగ్గరే ఉండమన్నాడు. పైగా "తెలిసి ఉంటే" అన్న మాట కలిపాడు. గడువు విధించినవాడు తన హద్దును కూడా ఒప్పుకున్నాడు.

రెండవ ఉపాయం కంఠస్థం. గణాలెనిమిది. ఒక్కొక్క గణానికీ మూడు అక్షరాలు. ఏది ఏమిటో ప్రతివాడికీ ప్రతిరోజూ చెప్పాలంటే బ్రహ్మతరం కాదు. అందుకు పుట్టినదే "యమాతారాజభానసలగం" అన్న సూత్రం. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే చాలు. "యమాతా" అంటే లఘువు, గురువు, గురువు, అది యగణం. "రాజభా" అంటే గురువు, లఘువు, గురువు, అది రగణం. చివరి ల, గం అనేవి లఘు గురువుల గుర్తులు. వేయిసార్లు రాగల ప్రశ్నకు పది అక్షరాల్లో జవాబు! ఉత్పలమాలకు భరనభభరవ, చంపకమాలకు నజభజజజర అని వల్లె వేయించడమూ ఈ దారిలోనిదే. అడగవలసిన అవసరమే లేకుండా జవాబును ముందుగా పిల్లవాని నాలుక మీద పెట్టడం దీని రహస్యం.

మూడవ ఉపాయం గ్రంథం. లభించిన తెలుగు ఛందోగ్రంథాల్లో పాతదిగా చెప్పేది కవిజనాశ్రయం. మల్లియ రేచన రచన అని కొందరు, వేములవాడ భీమకవిది అని కొందరు వాదించారు. ఆ వాదం ఎలా ఉన్నా పేరు చూడండి. కవులకు ఆశ్రయమట! కష్టంలో పడ్డవాడు వచ్చి తలదాచుకునే చోటు అన్నమాట. సంస్కృతంలో శ్రుతబోధ, వృత్తరత్నాకరం వంటి గ్రంథాల్లో ఏ వృత్తానికి లక్షణం చెబుతారో ఆ వృత్తంలోనే చెబుతారు. మన లాక్షణికులూ ఈ పద్ధతిని ఆదరించారు. నియమమూ ఉదాహరణా ఒకే పద్యంలో ఉంటాయి కనుక "ఒక ఉదాహరణ చెప్పండి" అన్న తరువాతి ప్రశ్న పుట్టదు.

తరువాత వచ్చిన కాకునూరి అప్పకవి 1656 ప్రాంతంవాడు. నన్నయ పేరున ఉన్న ఆంధ్రశబ్దచింతామణికి తెలుగు వివరణగా తలపెట్టిన ఆ గ్రంథమే అప్పకవీయం. యతిప్రాసల భేదాలను విస్తారంగా విడదీసి, పూర్వకవుల ప్రయోగాలను ఒక్కొక్కదాని కిందా చేర్చాడు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు అది శాసనగ్రంథమనుకొని భయపడ్డాను. ముసలితనంలో చదువుతుంటే వేరుగా కనబడుతున్నది. ఇన్ని భేదాలు ఒకడు గదిలో కూర్చొని ఊహించినవి కావు. "ఫలానా కవి ఇలా వాడాడు కదా, నేను వాడితే తప్పా?" అని ఎవరెవరో అడిగి ఉంటేనే అంత పట్టిక తయారవుతుంది. లక్షణగ్రంథం అంటే తరతరాల ప్రారంభకుల సందేహాల మూట అని ఇప్పుడు నా నమ్మకం.

అయితే మూట పెరిగినకొద్దీ మోయడం కష్టం. గ్రంథం పెద్దదైతే, ప్రశ్న అడగకుండా ఉండటానికి రాసిన పుస్తకాన్ని చదవడానికే గురువు కావలసి వస్తుంది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన వ్యాకరణానికి బాలవ్యాకరణమని పేరు. ఆ సూత్రాలు అందమైనవి, క్లుప్తమైనవి. కాని ఏ బాలుడూ వాటిని ఒంటరిగా చదివి గట్టెక్కలేదు. ఆయన శిష్యులు బహుజనపల్లి సీతారామాచార్యులు అందులో చెప్పకుండా మిగిలిన విషయాలను చేర్చి 1885లో ప్రౌఢవ్యాకరణం వెలువరించారు. జవాబుల పుస్తకానికి మళ్ళీ జవాబుల పుస్తకం!

ఈ వరుసలో ఒక విదేశీయుణ్ణి కూడా తలచుకోవాలి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరేనాటికి ఆయనకు తెలుగు రాదు. పెద్దవాడైన తరువాత, ఉద్యోగం చేసుకుంటూ, అక్షరాల దగ్గర మొదలుపెట్టాడు. తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటి పండితుల వద్ద ఛందస్సు నేర్చుకొని, 1827లోనే తెలుగు సంస్కృత ఛందస్సులను వివరిస్తూ ఆంగ్లంలో పుస్తకం అచ్చువేయించాడు. పదేళ్ళ కిందటి ప్రారంభకుడు తరువాతి ప్రారంభకుని కోసం రాసిన పుస్తకమది. ఎక్కడ కాలు జారుతుందో నిన్ననే జారినవాడికి బాగా గుర్తుంటుంది. పండితుడు మరచిపోయే మొదటి సంగతి తన అజ్ఞానమే.

నాలుగవ ఉపాయం మనిషి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి అవధానాలతో ఆంధ్రదేశాన్ని ఊపినవారు. అటువంటి మహాకవి బందరు హిందూ హైస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు గార్లు ఆయన శిష్యులు. వారికి మొదటి రోజున గురులఘువులు తెలిసినా, తెలియకపోయినా, అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. ఆయన కథలు-గాథలు చదివినవారికి ఆ ధోరణి తెలుసు. ఒక చిన్న సందేహాన్ని పట్టుకొని పది సంగతులు చెప్పి, మళ్ళీ సందేహం దగ్గరికే తీసుకువస్తారు.

ఇప్పుడు నా సంగతి. 1980ల్లో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఛందస్సు చెబుతున్నాను. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని వారం రోజులుగా చెబుతూనే ఉన్నాను. ఒక అబ్బాయి రోజూ లేచి అదే అడిగేవాడు. నాలుగోసారి లేచి "మాస్టారూ, ఒత్తు ముందున్నది ఎప్పుడూ గురువేనా?" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? చెవులున్నాయా?" అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు.

సాయంత్రం పుస్తకాలు దిద్దుతుంటే వాడి పుస్తకం వచ్చింది. ఒక పద్యపాదానికి గణాలు కట్టి, కుదరక కొట్టివేసి, మళ్ళీ కట్టి మళ్ళీ కొట్టివేశాడు. ఆ పాదంలో "విద్రుచు" అన్న మాట ఉన్నది. తెలుగు మాటల్లో రేఫను తేల్చి పలికేచోట, అంటే అద్రుచు, విద్రుచు వంటి చోట్ల, ముందున్న అక్షరం లఘువుగానూ ఉండవచ్చునని లాక్షణికులు చెప్పారు. ఆ పాదంలో అది లఘువే. వాడు అడిగింది పాత ప్రశ్న కాదు. ఆ వారంలో ఎవరూ అడగని కొత్త ప్రశ్న. మాటలు మాత్రం పాతవి. జవాబు నాకు తెలుసు, పరీక్షకు చదివినదే. ప్రశ్న వినలేదు, అంతే.

మరునాడు తరగతిలో చెప్పాను. నాదే పొరపాటని కూడా అన్నాను. వాడు "సరే మాస్టారూ" అని కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. పద్యాలు రాసేవాడని తోటి పిల్లలు చెప్పారు గాని నాకు ఎన్నడూ చూపలేదు.

అందుకే మొన్న ఆ అబ్బాయి తల వంచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం మా వారందరికీ రెండు మాటలు చెప్పాను. ఒకటి, తరచుగా వచ్చే సందేహాలను ఉదాహరణలతో ఒక పుస్తకంలో రాసి అరుగు మీద ఉంచుదాం. అరసున్న వల్ల అక్షరం గురువు కాదు, "కలఁడు"లో ల లఘువే. "రాజద్వారము" సంస్కృత సమాసం కనుక జ గురువు. "వాని ప్రేమ" అన్నప్పుడు అవి వేరువేరు పదాలు కనుక ని లఘువే. ఇటువంటివి. రెండు, పుస్తకం చేతికిచ్చే ముందు "నీవు రాసినది చూపించు నాయనా" అని అడుగుదాం. రాసినది చూస్తే గాని ప్రశ్న పాతదో కొత్తదో తేలదు.

విసుక్కున్న మిత్రులు పుస్తకం రాసే పని తామే తీసుకున్నారు. ఇప్పటికి పదకొండు సందేహాలు ఎక్కాయి. అఖండయతి దగ్గర మాత్రం మా అరుగు రెండు పక్షాలుగా చీలిపోయింది గనుక ఆ పుట ఖాళీగా ఉన్నది. ఆ అబ్బాయి మళ్ళీ రెండు వారాలు రాలేదు. నిన్న కబురు పంపాను. వస్తానన్నాడట.