కృష్ణాతీర విహారస్థలములు

విహారము కొరకే ఒక స్థలమును నిర్మించుకొనుట మా కృష్ణా డెల్టా ప్రజలకు మొదటినుండి అలవాటు కాదు. పొలమునకు నీరు కావలెనని కట్టిన కట్ట, పుణ్యము కావలెనని దిగిన రేవు, మ్రొక్కు తీర్చుకొనుటకు ఎక్కిన కొండ, ఇవియే కాలక్రమమున మాకు సాయంకాలపు షికారునకును సెలవునాటి ప్రయాణమునకును నెలవులైనవి. నేడు పర్యాటకశాఖవారు వర్ణచిత్రములతో ప్రకటించు పేర్లలో పెక్కింటి వెనుక నీటికథయో దేవునికథయో ఉన్నది. చాలచోట్ల రెండును కలసియే ఉన్నవి. ఆ కథ తెలిసి చూచినవానికి కనబడునది వేరు, తెలియక చూచినవానికి కనబడునది వేరు. అందుచేతనే ఈ ఊరివాడనైన నేను బెజవాడ పరిసరముల విహారస్థలములను గూర్చి వ్రాయబూని, ఒక కరవుతో ఆరంభించుచున్నాను.

1832-33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు సీమలో వచ్చిన క్షామమును ప్రజలు డొక్కల కరవనిరి. లక్షన్నరకు తక్కువ కాకుండ జనులు నశించిరని ఆనాటి అంచనాలు తెలుపుచున్నవి. ఇంతటి ప్రాణహాని ఎడారిలో జరుగలేదు. మహాబలేశ్వరమున పుట్టి, మూడు రాష్ట్రముల నేలలను దాటి, నిండుగా ప్రవహించివచ్చు కృష్ణ ప్రక్కనే ఉండగా జరిగినది. నది పల్లమున, చేను మెరకన ఉన్నంతకాలము ఆ నీరు సముద్రమునకే గాని మనుష్యునకు కాదు. ఇంద్రకీలాద్రికిని ఆవలియొడ్డున ఉన్న సీతానగరము కొండకును నడుమ నది ఇరుకైన చోట అడ్డుకట్ట వేసి నీటిమట్టమును లేపవలెనను ఆలోచన, గోదావరిపై ధవళేశ్వరమున సర్ ఆర్థరు కాటను సాధించిన విజయముతో బలపడి, 1852లో పనిగా మారినది. కెప్టెను ఛార్లెసు ఓర్ పర్యవేక్షణమున 1855 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. ఆనాటినుండి ఇటు తూర్పుడెల్టాకును, అటు పశ్చిమడెల్టాకును కాలువలు సాగినవి; వానకై ఆకాశమువంక చూచిన సీమ వరిచేల సీమయైనది.

ఆ ఆనకట్ట రమారమి నూరేండ్లు నిలచి, 1952 సెప్టెంబరులో గండిపడెను. దానికి బదులుగా నూతన నిర్మాణమునకు 1954 ఫిబ్రవరి 13న పని ఆరంభమై, 1957 డిసెంబరు 24న అది ప్రారంభోత్సవము జరుపుకొన్నది. 1223 మీటర్లకు పైబడిన పొడవును, 70 గేట్లును గల ఈ బ్యారేజీకి ఆంధ్రరాష్ట్రపు తొలి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. ఆయన అదే సంవత్సరము మే 20న దివంగతులైరి గనుక దాని ప్రారంభమును చూడలేదు. క్రింద గేట్లు, పైన రోడ్డు ఉండుటచేత ఇది నీటిపారుదలకు ఎంత ఉపకరించినదో రెండు ఒడ్డుల మధ్య రాకపోకలకును అంత ఉపకరించినది. కాని మా ఊరివారికి దానితో గల చనువు ఈ రెండు ప్రయోజనములకును మించినది. శ్రావణ భాద్రపదములలో ఎగువ జలాశయములు నిండి, గేట్లు ఎత్తిరన్న వార్త పొక్కగానే, పనులు ముగించుకొన్నవారును ముగించుకొనక వచ్చినవారును పిల్లలను భుజములపై ఎక్కించుకొని బ్యారేజీ కడకు చేరుదురు. ఎర్రని నీరు నురుగులు కక్కుచు గేట్లక్రింద దూకుచుండ, దాని తుంపర ముఖమున పడుచుండ, ఎవరును ఎవరితోను మాటలాడక నిలుచుండుటను నేను చిన్ననాటినుండి చూచుచున్నాను. దీనికి టిక్కెట్టు లేదు, వేళ లేదు. మా పట్టణపు ప్రథమ విహారస్థలము ఏదియని ఎవరైన అడిగినచో సంశయింపక దీనినే చెప్పుదును.

బ్యారేజీ ఎగువన నిలచిన నీరు నదియనుటకంటె సరస్సు అనదగియుండును. ఆ నిశ్చలజలము నడుమ 133 ఎకరముల భవానీద్వీపము పచ్చగా కనబడును. పున్నమిఘాటునుండియు బెర్మ్ పార్కునుండియు పడవలు అచటికి పోవును. పిల్లలకు ఆటలు, పెద్దలకు చెట్లనీడలు, బస చేయుటకు కుటీరములు అక్కడ ఏర్పరచిరి. కార్తిక మాసపు ఆదివారములలో పడవలయందు చోటు దొరకుట దుర్లభము. ఇదే జలముపై విజయదశమినాడు దుర్గామల్లేశ్వరుల తెప్పోత్సవము జరుగును. దీపములతో అలంకరించిన హంసవాహనమున ఉత్సవమూర్తులను నిలిపి నదిలో త్రిప్పుచుండగా, ఘట్టములపైనను కొండవాలుననుగల జనము ఒక్క గొంతుతో అమ్మవారిని పిలుచును. అయితే నదిలో వరద ఉధృతముగా ఉన్న సంవత్సరమున వాహనమును త్రిప్పరు. రేవుననే నిలిపియుంచి పూజ ముగింతురు. దేవతయే నదికి దారి విడచు ఈ ఆచారమును నేను మిక్కిలి గౌరవించుచున్నాను. ఇందలి వివేకమును మా విహారవ్యవస్థ ఇంకను అలవరచుకొనవలసియున్నది. 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారమున, అనుమతి లేని పడవ యొకటి పరిమితికి మించిన జనముతో బయలుదేరి, గోదావరిజలము కృష్ణలో కలియు పవిత్రసంగమము సమీపమున తిరగబడి, ఇరువదిమందికి పైగా యాత్రికులను పొట్టన పెట్టుకొన్నది. వారు వచ్చినది స్నానమునకును హారతిదర్శనమునకును. నదిని చూడవచ్చినవాని ప్రాణమునకు పూచీ వహింపలేని ఊరు ఎన్ని పార్కులు కట్టినను ప్రయోజనమేమి?

2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది; 2009 అక్టోబరునాటి వరదయు 11 లక్షలను దాటినదే గాని ఇది దానిని మించినది. ఒడ్డున కట్టిన పడవలు కట్లు తెగి కొట్టుకొనివచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నవి. భవానీద్వీపమునకు గొప్ప నష్టము వాటిల్లినది. లంక యనునది నది మేటవేసి ఇచ్చిన భూమి; కావలసినపుడు మరల దానిపై నడచుట నదికి సహజము. అక్కడ వేయునది తీసివేయుటకు వీలైన పాకగానో పందిరిగానో ఉండుటయే మేలని నా అభిప్రాయము.

కొండలను గూర్చి కొంచెము చెప్పి ముందునకు పోయెదను. నగరమధ్యమున గాంధీకొండపై 52 అడుగుల స్తూపమును 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు ఆవిష్కరించిరి; కొండచుట్టు తిరుగు చిన్న రైలు మా తరముల పిల్లలకెల్ల మధురస్మృతి. సీతానగరమునకు చేరువ ఉండవల్లి గుహలు నాలుగంతస్తులుగా ఒకే కొండనుండి తొలువబడినవి. అందు శయనించిన అనంతపద్మనాభుని ముందు నిలచినవాడు వెనుకకు తిరిగి చూచినచో, రాతిస్తంభముల నడుమనుండి పచ్చని పొలములు కనబడును. కొండపల్లి కోటను ఎక్కుటకు ఉదయమే బయలుదేరవలెను. దిగునపుడు తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కువారి వీథిలో కొంతసేపు నిలువక రాగూడదు.

ఉసిరిచెట్టు నీడను భోజనము చేయవలెనను శాస్త్రమే లేకున్న మా ప్రాంతమున గృహిణులు సంవత్సరమునకొక్కనాడైనను వంటింటి గోడలు దాటి చెట్లక్రింద కూర్చుండెడివారో లేదో! కార్తిక వనభోజనము కృష్ణాజిల్లా స్వంత విహారసంప్రదాయము. నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతముల మామిడితోపులలోను, ఏటిగట్లపైనను, బంధువులు, ఇరుగుపొరుగువారు, నేటికాలమున ఆఫీసు మిత్రులును కలసి, పులిహోరయు, గుమ్మడికాయ పులుసును వండుకొని, సాయంకాలము వరకు పాటలతోను ఆటలతోను గడుపుదురు. కొండపై కట్టిన ఏ రెస్టారెంటును ఆ విస్తరికి సాటిరాదు.

ఇక కొల్లేరు. ఇది 1859లో ఏర్పడి, 1904లో గుంటూరును, 1925లో పశ్చిమగోదావరిని విడిచిపెట్టిన కృష్ణాజిల్లాకు చిరకాలము ఈశాన్యపు సరిహద్దు; 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలోనిది. సరిహద్దులు మారినను, బుడమేరు, తమ్మిలేరు దానిలోనికే పోవుచున్నవి. దానినుండి ఉప్పుటేరు సముద్రమునకు పోవుచున్నది. రెండు మహానదుల డెల్టాలు తమ ఒండ్రుమట్టితో చెరియొకవైపు మెరక కట్టుకొనగా నడుమ మిగిలిన పల్లమే ఈ మంచినీటి సరస్సు. వర్షకాలమున పొంగి, వేసవిలో కుదించుకొనుట దాని జీవధర్మము. ఒడ్డున గల వడ్డి కులస్థులు ఈ పొంగును కుదింపును లెక్కలో పెట్టుకొనియే దోనెలపై తిరుగుచు, వలలు పన్నుచు, నీరు తీసిన నేలలో పైరువేయుచు బ్రతికిరి. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణమున వేలకొలది జనులు వచ్చుచుందురు. వంతెనలు రాకమునుపు వారు వచ్చినది పడవలపైననే.

చేపల చెరువుల ఆదాయము పెరిగినకొలది సరస్సు గర్భమున గట్లు లేచినవి. 1999లో ఐదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు రాంసర్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందెను. 2006లో గట్లను ప్రేల్చి కూల్చిరి. కూలిన గట్లలో కొన్ని మరల లేచినవి. చెరువు వేసినవారందరును ధనవంతులు కారు. వారిలో సరస్సునే తల్లిగా నమ్మినవారును ఉన్నారు గనుక, వారికి ప్రత్యామ్నాయజీవనము చూపక కేవలము పొక్లెయినులను పంపుటను నేను న్యాయమనజాలను. కాని నీటికి చోటు లేకపోవుటవలని ఫలితము 2024 వరదలో బెజవాడకే తెలిసివచ్చినది. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ మొదలగు పేటలను ముంచివేసినపుడు, ఇండ్ల పైకప్పులపై రాత్రులు గడపినవారు, ఆ ఏరు పోవలసిన త్రోవ ఎక్కడెక్కడ పూడినదో తమ వీథిలోనుండియే చూచిరి.

కైకలూరు ప్రక్కన ఆటపాకలో పక్షుల కేంద్రము కలదు. పట్నవాసులు పెలికానులని పిలుచు గూడబాతులు గూళ్ళు కట్టుకొనుటకు చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వానిని నిరాకరింపక గూళ్ళు కట్టుకొని పిల్లలను లేపినవి. చలికాలమున తెల్లవారుజామున అచటి పడవలో కూర్చున్నచో, సంచివంటి ముక్కులతో బరువుగా లేచి, పిమ్మట అత్యంతలాఘవముగా ఆకాశమున తిరుగు ఆ పక్షులను మూరెడు దూరములోనున్నట్లు చూడవచ్చును. ఎర్రకాళ్ళ కొంగలును అచట విరివిగా ఉండును. బిగ్గరగా మాటలాడువారిని, పాటలపెట్టె మ్రోగించువారిని పడవవాడే వారించును. అతని మాట వినవలెను.

సముద్రతీరమున మంగినపూడి బీచి బందరునకు చేరువనున్నది. నేల నల్లని బంకమట్టియగుటచేతను, లోతు మెల్లగా పెరుగుటచేతను, పిల్లలతో వచ్చువారు అచటికే పోవుదురు. ఆంగ్లేయులు 1611లో వర్తకశాల పెట్టిన ఆ బందరును 1864 నవంబరున వచ్చిన ఉప్పెన ముంచివేసి, 30 వేలమందిని బలిగొన్నదని ప్రసిద్ధి. పులిగడ్డ దాటి దివిసీమలో ప్రవేశించినచో, 1977 నవంబరు 19నాటి ఉప్పెన జ్ఞాపకము ఇంకను పచ్చిగనే ఉన్నది. ఒక్క రాత్రిలో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకొనిపోయినవి. ఆ సీమ కొనయందు హంసలదీవి. అచ్చట వేణుగోపాలస్వామిని సేవించి, మాఘపౌర్ణమినాడు కృష్ణ సముద్రములో కలియుచోట స్నానము చేయుటకు జిల్లా నలుమూలలనుండి బండ్లుకట్టి వచ్చుట ప్రాచీనాచారము. నేడు బస్సులలో, ఆటోలలో వచ్చుచున్నారు. సమీపపు మడఅడవులలో బావురుపిల్లి సంచరించును. అది రాత్రించరము గనుక యాత్రికులకు కనబడుట అరుదు. కనబడకున్నను అది అచట ఉండుటయే ఆ తీరమునకు శోభ.

ఇవన్నియు చూచుటకు మోటారు కార్లును బస్సులును ఉన్నవి గాని, ఈ సీమను చూడవలసిన దారి వేరొకటి ఉండెను. రైళ్ళు వచ్చి బలపడకమునుపు బెజవాడనుండి ఏలూరు కాలువమీదుగా గోదావరి కాలువలలోనికిని, సీతానగరమునుండి కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువల మీదుగా మద్రాసునకును పడవలు నడచెను. గట్టుపై మనుష్యులు మోకులు లాగుచుండ, బియ్యపు బస్తాల ప్రక్కనే ప్రయాణికులు పడుకొని, లాకులకడ ఆగినపుడు దిగి వంటచేసికొని, మరల ఎక్కెడివారు. 2008లో ఈ కాలువలను కృష్ణాగోదావరులతో కలిపి నాల్గవ జాతీయజలమార్గముగా ప్రకటించిరి. సరకుల సంగతి అట్లుండనిండు. చలికాలపు నెలలలోనైనను బందరు కాలువపై ఒక చిన్న పడవను నడిపినచో, కొబ్బరిచెట్ల వరుసలు, వరిచేలు, లాకులు, రేవులలో బట్టలుతుకు స్త్రీలు, ఈదులాడు పిల్లలు, ఈ డెల్టా అంతయు కంటియెదుట నడచివచ్చును. అందుకు ముందుగా, నగరములో ఏలూరు, రైవసు, బందరు కాలువలు మూడింటిలోనికిని పడుచున్న మురుగును మళ్ళింపవలెను, గట్లపై కుప్పలుపోయు చెత్తను ఆపవలెను, పాడుపడిన లాకులను బాగుచేయవలెను.