అనంతగిరి (వికారాబాదు)

అనంతగిరి, తెలంగాణ రాష్ట్రంలోని వికారాబాదు పట్టణానికి సుమారు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండప్రాంతము, పుణ్యక్షేత్రము. హైదరాబాదు నుండి దూరం దాదాపు 75 కి.మీ. మూసీ నది ఈ కొండలలోనే పుడుతుంది. ఈ ప్రాంతం 1978 వరకు హైదరాబాదు జిల్లాలోను, ఆ తరువాత రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016 అక్టోబరు 11 నుండి వికారాబాదు జిల్లాలో భాగమైంది. అరకు దారిలోని అనంతగిరి, సూర్యాపేట జిల్లాలోని అనంతగిరి వేరు. ఈ మూడింటినీ పొరబడేవారు తరచుగా కనిపిస్తారు.

స్థలపురాణం

కొండపై వెలసిన అనంతపద్మనాభస్వామి పేరు మీదనే కొండకు ఈ పేరు వచ్చింది. మార్కండేయ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని భక్తుల విశ్వాసం. మరొక కథ ముచికుందుడిది. దేవతల పక్షాన యుద్ధం చేసి అలసిపోయిన ఈ రాజు, తన నిద్ర చెడగొట్టినవాడు భస్మమయ్యేటట్లు వరం పొంది గుహలో నిద్రించాడట. శ్రీకృష్ణుని తరుముకుంటూ వచ్చిన కాలయవనుడు అతనిని లేపి బూడిదయ్యాడు. తరువాత ముచికుందుడు కృష్ణుని పాదాలు కడిగిన నీరే నదియై పారిందని, ముచికుంద నది అన్న పేరే వాడుకలో మూసీ అయిందని చెప్పుకుంటారు. ఆలయం దిగువన ఉన్న కోనేటిని భవనాశి అంటారు. కార్తీక మాసంలో జరిగే జాతరకు చుట్టుపక్కల పల్లెల నుండి, తండాల నుండి, కర్ణాటక సరిహద్దు గ్రామాల నుండి జనం వస్తారు.

ఒక కొండ, రెండు నదులు

వికారాబాదు పరిసరాలు హైదరాబాదు కంటే సుమారు 100 మీటర్లు ఎత్తున ఉంటాయి. అడుగున దక్కను పీఠభూమికి చెందిన నల్లని బసాల్టు శిల, దాని పైన జేగురు రంగు లాటరైటు పొర ఉన్నాయి. రంధ్రాలతో నిండిన లాటరైటు వాననీటిని పీల్చుకొని, కొండ అంచులలో ఊటలుగా విడిచిపెడుతుంది. పైనున్న అడవి వేసవిలో ఆకురాల్చే రకం. ఫిబ్రవరి, మార్చి నెలలలో మోడుగా కనిపించిన కొండ, తొలకరి పడగానే గుర్తుపట్టలేనంతగా మారుతుంది. చూడవచ్చేవారికి జూలై నుండి డిసెంబరు వరకు అనుకూలమైన కాలం.

కొండకు తూర్పున కురిసిన వాన మూసీలో చేరి, గండిపేట (ఉస్మాన్ సాగర్) మీదుగా హైదరాబాదు దాటి, సుమారు 240 కి.మీ. ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పడమట కురిసిన వాన కాగ్నా నదిగా తాండూరు మీదుగా కర్ణాటకకు పోయి భీమా నదిలో కలుస్తుంది. ఆ భీమా కూడా చివరకు కృష్ణలోనే చేరుతుంది. ఈ కొండల వైపు కురిసిన భారీ వర్షానికి రాజధాని ఏమవుతుందో 1908 సెప్టెంబరు 28న తెలిసింది. మూసీ వరదలో వేలమంది మరణించారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నేటి నగరవాసి మురుగుకాలువగా ఎరిగిన మూసీ, ఇక్కడ రాళ్ళ మధ్య దాటగలిగే సెలయేరు.

క్షయ చికిత్సాలయం

నిజాం కాలంలో ఈ కొండపై క్షయ రోగులకు చికిత్సాలయం నెలకొల్పారు. మందులు లేని ఆ రోజులలో చల్లని గాలి, విశ్రాంతి, మంచి ఆహారమే వైద్యం. రోగులు నెలల తరబడి ఇక్కడే ఉండేవారు. మందులు వచ్చిన తరువాత, 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ పరిశోధనా కేంద్రం, ఇంటివద్ద మందులు వాడినవారికి కూడా చికిత్సాలయంలో ఉన్నవారితో సమానంగా నయమవుతున్నదని 1959లో ప్రకటించింది. దానితో ప్రపంచమంతటా ఇటువంటి కొండ చికిత్సాలయాల అవసరం తగ్గింది. అయినా "అనంతగిరి గాలి" అన్న పేరు మాత్రం పోలేదు. నగరం నుండి వారాంతంలో వచ్చేవారు వెతుక్కునేది ఆ గాలినే.

కోటపల్లి, తాండూరు

కొండ దిగి ధారూరు వైపు వెళ్తే కోటపల్లి జలాశయం వస్తుంది. కాగ్నాలో కలిసే వాగుపై సాగునీటి కోసం కట్టిన ఈ జలాశయం, ఇటీవల తెడ్డు పడవల షికారుకు పేరుపొందింది. పడవ ఎక్కేవారు లైఫ్ జాకెట్టు తీయరాదు. ధారూరులో ప్రతి నవంబరులో మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది.

తాండూరు వైపు నేల స్వభావమే మారిపోతుంది. అక్కడ భూమి పొరలు పొరలుగా విడివడే సున్నపురాయి. ఇళ్ళలో పరిచే నీలం, పసుపు రంగు తాండూరు బండలు ఆ గనులలోనివే. సిమెంటు కర్మాగారాలకూ అదే ఆధారం. అక్కడి నల్లరేగడిలో పండే కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది.

దామగుండం వివాదం

పూడూరు మండలంలోని దామగుండం రిజర్వు అడవిలో సుమారు 2,900 ఎకరాలను భారత నౌకాదళానికి అప్పగించారు. నీటి అడుగునున్న జలాంతర్గాములకు సందేశాలు పంపే అతి తక్కువ పౌనఃపున్య రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఇటువంటి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో 1990 నుండి ఉన్నది. అడవి నరికితే మూసీ, ఈసీల నీటి వనరులు దెబ్బతింటాయని, లోపలనున్న రామలింగేశ్వరాలయానికి దారి మూసుకుపోతుందని స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరం తెలిపారు. దేశరక్షణకు కేంద్రం తప్పనిసరి అని, పర్యావరణానికి హాని జరగదని ప్రభుత్వం వాదన. నరికిన చెట్లకు బదులు వేరొకచోట మొక్కలు నాటవచ్చును గాని, ఊట పుట్టే చోటును వేరొకచోటికి మార్చలేము. వివాదంలో తేలికగా కొట్టివేయలేని అంశం ఇది.

రవాణా సౌకర్యాలు

1874లో ప్రారంభమైన వాడి–సికింద్రాబాదు రైలుమార్గంలో వికారాబాదు, తాండూరు స్టేషన్లు ఉన్నాయి. వికారాబాదు జంక్షను నుండి బీదరు, పర్లి వైపు మరొక మార్గం చీలుతుంది. రోడ్డు మీద వచ్చేవారు హైదరాబాదు–బీజాపూరు రహదారిలో చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా రావచ్చును. చేవెళ్ళ పరిసరాలలో రోడ్డుకు ఇరువైపులా నిలిచిన పాత మర్రిచెట్లు చూడదగినవి. వికారాబాదు నుండి తాండూరు వెళ్ళే దారి కొండ మీదుగానే సాగుతుంది. మలుపులు ఎక్కువ కాబట్టి వానాకాలంలో, రాత్రివేళ నెమ్మదిగా నడపాలి.