హైదరాబాదులో ఫ్రెంచి సైన్యం: నిర్మాణం, ఆజ్ఞ, జీతం

ఉపోద్ఘాతం

ఎల్.బి.నగర్ నుంచి మెట్రో రైలులో నగరంలోకి వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ తరువాతి స్టేషను మూసారాంబాగ్. ‘ముస్యే రేమండ్’ అనే ఫ్రెంచి పేరే జనం నోట ‘మూసా రామ్’గా మారిందని ప్రతీతి. ముస్లింలు అతన్ని ‘మూసా రహీమ్’ అన్నారు. దగ్గరలోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద అతని సమాధి ఉంది. రేమండ్ నిజాం సైన్యంలో వేలాది సిపాయిలకు నాయకత్వం వహించాడు. ఆ సైన్యం ఎలా నడిచిందో, ఒక్క గుండు పేలకుండా ఎలా అంతమయిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

బుస్సీ నాటి పద్ధతి

దక్కనులో ఫ్రెంచి పలుకుబడికి పునాది వేసినవాడు బుస్సీ. 1751 నుంచి అతని సేనలు నిజాంకు అండగా నిలిచాయి. వాటి జీతాల కోసం 1753లో ఉత్తర సర్కారుల ఆదాయాన్ని నిజాం ఫ్రెంచివారికి అప్పగించాడు. అంటే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు రైతులు కట్టిన శిస్తు ఔరంగాబాదు, హైదరాబాదులలోని సిపాయి జీతంగా మారింది. 1758లో లాలీ పిలుపు మేరకు బుస్సీ దక్షిణానికి వెళ్లాడు. అదే ఏడాది చందుర్తి యుద్ధంలోను, 1759లో మచిలీపట్నంలోను ఓడిపోయి ఫ్రెంచివారు సర్కారులను పోగొట్టుకున్నారు. ఆదాయ మార్గం తెగిన తరువాత ఆ సైన్యం దక్కనులో నిలవలేదు.

రేమండ్ సైన్య నిర్మాణం

1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టిన రేమండ్ 1775లో పుదుచ్చేరి చేరాడు. 1780ల మధ్యలో నిజాం అలీ ఖాన్ కొలువులో ప్రవేశించాడు. కొన్ని వందల మందితో మొదలైన అతని దళం 1798 నాటికి సుమారు 14,000 మందికి పెరిగింది.

ఈ సైన్యంలో ప్రధాన విభాగం సిపాయి పటాలం. ప్రతి పటాలానికీ ఐరోపా అధికారులుండేవారు. కవాతు, తుపాకి శిక్షణ ఫ్రెంచి పద్ధతిలో సాగేవి. పదాతికి తోడుగా ఫిరంగి దళం, కొద్దిపాటి అశ్వదళం ఉండేవి. ఫిరంగులు పోతపోసే కార్ఖానా హైదరాబాదులోనే ఉండేది. నేటి గన్‌ఫౌండ్రీ పేరు ఆ కాలపుదే. సైన్యం ఖర్చుకు కొన్ని భూముల ఆదాయం రేమండ్‌కే కేటాయించారు. కనుక అధికారి నియామకం, శిక్షణ, ఆయుధం, జీతం అన్నీ ఒక్క మనిషి చేతిమీదుగా నడిచేవి.

అయితే పై ఆజ్ఞ మాత్రం నిజాందే. 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. రేమండ్ పటాలాలు నిలబడి పోరాడుతున్నా, వెనక్కు తగ్గిన నిజాం తన రక్షణకు రమ్మని ఆజ్ఞాపించడంతో అవి కూడా వెనుదిరిగాయి.

నెపోలియన్ సైన్యంతో పోలిక

1805లో నెపోలియన్ తన మహాసైన్యాన్ని ఏడు కోర్లుగా విభజించాడు. ప్రతి కోరులోను పదాతి, అశ్వ, ఫిరంగి దళాలు ఉండేవి. ఆజ్ఞలను కాగితం మీద పెట్టి కోర్లకు చేరవేసే పని బెర్తియే నడిపిన ప్రధాన కార్యాలయానిది. ఒక సేనాని చనిపోతే మరొకరు ఆ స్థానంలోకి వచ్చేవారు. కోరు చెదిరేది కాదు. రేమండ్ దళంలోనూ మూడు విభాగాలున్నాయి. కాని సేనాని లేనినాడు దాన్ని నిలబెట్టే కార్యాలయ వ్యవస్థ లేదు.

పతనం

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. అతని స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు ఆ పలుకుబడి లేదు. అదే ఏడాది నెపోలియన్ ఈజిప్టులో దిగడం, టిప్పు సుల్తాన్ ఫ్రెంచివారి సాయం కోరడం బ్రిటిషువారిని కలవరపెట్టాయి. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఒత్తిడితో సెప్టెంబరు 1న నిజాం సైన్యసహకార ఒప్పందం చేసుకొని, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడానికి అంగీకరించాడు.

అక్టోబరు 21న సిపాయిలు జీతం బకాయిల కోసం తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. మరునాడు కంపెనీ సేనలు దండును చుట్టుముట్టాయి. బకాయిలు చెల్లిస్తామన్న హామీతో వేలాది సిపాయిలు ఆయుధాలు దించారు. ఫ్రెంచి అధికారులను దేశం నుంచి పంపివేశారు. వేలమందిని కూడగట్టిన నిర్మాణం జీతం ఆగిన చోట విరిగింది.

ఫలితం

ఫ్రెంచి పటాలాల స్థానంలో బ్రిటిషు పటాలాలు వచ్చాయి. వాటి ఖర్చు కింద 1800 అక్టోబరులో నిజాం బళ్లారి, కడప తదితర ప్రాంతాలను కంపెనీకి ఇచ్చివేశాడు. ఇవే దత్త మండలాలు. సర్కారు జిల్లాలు ఒకనాడు ఫ్రెంచి సైన్యానికి జీతమైతే, నేటి రాయలసీమ బ్రిటిషు సైన్యానికి జీతమయింది. తెలుగు నేల ముక్కలు కావడానికి యుద్ధాలెంత కారణమో సైన్యాల జీతాల చిట్టా కూడా అంత కారణం. రేమండ్ దళానికి జీతమిచ్చిన భూమి నిజాం రాజ్యంలోనే ఉండేది. కంపెనీ సైన్యానికిచ్చిన భూమి తిరిగి రాలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రేమండ్ సైన్యంలోని ప్రధాన విభాగాలు ఏవి?
2. రేమండ్ మరణం తరువాత అతని సైన్యం ఎందుకు నిలవలేకపోయింది?
3. సైన్య నిర్వహణ ఖర్చుకు, దత్త మండలాల ఏర్పాటుకు గల సంబంధాన్ని వివరించండి.