ధూమపానం – శస్త్రచికిత్సానంతర శ్వాసకోశ సమస్యలు

శస్త్రచికిత్స తరువాత ఊపిరితిత్తుల్లో తలెత్తే న్యుమోనియా, గాలి గదులు ముడుచుకుపోయే ఎటెలెక్టాసిస్, శ్వాసనాళాల బిగుతు, శ్వాస వైఫల్యం వంటి సమస్యలు పొగతాగనివారిలో కంటే పొగతాగేవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఈ సంబంధాన్ని బ్రిటిష్ మత్తువైద్యుడు హెచ్.జె.వి. మోర్టన్ 1944లో ‘లాన్సెట్’ పత్రికలో వెల్లడించాడు.

సిగరెట్, బీడీ, చుట్టల పొగ శ్వాసనాళాల లోపలి పొరపై ఉండి కఫాన్ని పైకి నెట్టే శైలికలు అనే సూక్ష్మ రోమాలను దెబ్బతీయడమే కాక, కఫం ఉత్పత్తిని పెంచుతుంది. శస్త్రచికిత్స తరువాత నొప్పి వల్ల, మందుల మత్తు వల్ల రోగి గట్టిగా దగ్గలేకపోవడంతో ఆ కఫం లోపలే నిలిచి, సూక్ష్మజీవులు పెరగడానికి వీలు కల్పిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌తో కలిసి, ఆక్సిజన్‌ను మోసే రక్తపు శక్తిని తగ్గిస్తుంది. ఛాతీ, పొట్ట పైభాగాల శస్త్రచికిత్సల్లో ముప్పు మరింత అధికం.

పొగ మానిన 12 నుంచి 24 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు తగ్గినా, శ్వాసనాళాలు కోలుకోవడానికి వారాలు పడుతుంది. శస్త్రచికిత్సకు సుమారు 4 వారాలు లేదా అంతకు ముందే మానినవారిలో సమస్యల ముప్పు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పేర్కొంది.